ఏంటెన్నా మీద రెండు బల్బులు

1967 జూన్‌లో నన్ను శ్రీకాకుళంలోని వరద సమాచార వైర్‌లెస్ విభాగానికి అసిస్టెంట్ ఇంజినీరుగా వేశారు. అంతకు ముందు నాలుగేళ్లు హైదరాబాదు ప్రధాన కార్యాలయంలో సెట్ల మరమ్మతు చూశాను. సొంత ఊరు విజయనగరం కాబట్టి ఈ బదిలీ నాకు ఇష్టంగానే ఉంది. మా కార్యాలయం అరసవల్లి వెళ్లే దారిలో ఒక అద్దె ఇల్లు. ముందుగదిలో కంట్రోలు రూము, వెనక వసారాలో మరమ్మతు బల్ల, అదే మా వర్క్‌షాపు. నా కింద ఒక మెకానిక్కు, కంట్రోలు రూములో ఇద్దరు, బయటి స్టేషన్లలో ఏడుగురు ఆపరేటర్లు ఉండేవారు. నా పైన డివిజనల్ ఇంజినీరు, ఆయన విశాఖపట్నంలో ఉండేవారు.

పని చెప్పడానికి సులువైనదే. వంశధార, నాగావళి నదుల ఎగువన ఏడు గేజి స్టేషన్లు ఉండేవి. గేజి అంటే అడుగులు, అంగుళాలు గుర్తులు వేసి ఒడ్డున పాతిన రాతి స్తంభం. వానాకాలంలో ఉదయం ఆరు గంటల నుంచి రెండు గంటలకొకసారి ఆపరేటరు నీటిమట్టం కనుక్కుని వైర్‌లెస్‌లో మాకు చెప్పాలి. మట్టం ఎర్ర గీత దాటితే మేము తాలూకా కచేరీకి చెబుతాం. వాళ్లు దిగువ గ్రామాల్లో దండోరా వేయిస్తారు. జనం పశువుల్ని మిట్టకు తోలుకుంటారు. ఎగువన పెరిగిన నీరు దిగువ ఊళ్లకు చేరడానికి అయిదారు గంటలు పడుతుంది. ఆ అయిదారు గంటల కోసమే మా విభాగం పెట్టారు.

ఒరిస్సా సరిహద్దు దగ్గరి స్టేషన్లో ఆపరేటరు అప్పలసూరి. అప్పటికి నలభై ఏళ్లుంటాయి. సైన్యంలో సిగ్నల్సు విభాగంలో పనిచేసి వచ్చినవాడు. స్టేషను గది పక్కనే రెండు గదుల క్వార్టరులో భార్య పైడమ్మతో ఉండేవాడు. లాగు బుక్కు, అంటే ఏ నిమిషానికి ఏ సందేశం పంపాడో రాసే పుస్తకం, ఏడుగురిలో అతనిదే అందరికంటే శుభ్రంగా ఉండేది.

ఆ సెప్టెంబరులో ఒక ఉదయం వంశధార ఎర్ర గీత దాటింది. ఆ స్టేషను నుంచి మా కంట్రోలు రూముకు ఆరు గంటలకూ ఏమీ వినబడలేదు, ఎనిమిదింటికీ వినబడలేదు. మట్టం సంగతి మాకు తెలిసేసరికి పదకొండు దాటింది. గేజి చూసే మనిషి నీళ్లలో సైకిలు నెట్టుకుంటూ టెలిఫోను ఉన్న పోస్టాఫీసుకు చేరి అక్కణ్ణుంచి చెప్పాడు. అప్పటికే దిగువన రెండు ఊళ్లలోకి నీళ్లు వచ్చేశాయి. పశువులు చాలా పోయాయి. ఎడ్ల పలుపులు విప్పబోయిన రామ్మూర్తి అనే రైతు కొట్టుకుపోయాడు.

వారం తర్వాత విచారణకు నన్నే పంపారు. అప్పలసూరి లాగు బుక్కు తెరిచి నా ముందు పెట్టాడు. ఆరు గంటలకు ఒకసారి, ఆరున్నరకు ఒకసారి సందేశం పంపినట్టు అందులో ఉంది.

"ఆరు గంటలకి పంపినాను బాబూ. జవాబు రానేదు. ఉరుములు గదా, నాకు ఇనబడ్డం నేదనుకున్నాను. మీటరు సూసినాను. సరిగ్గానే ఉన్నాది. ఆరున్నరకి మల్లీ పంపినాను," అన్నాడు.

జవాబు వినబడకపోతే సందేశాన్ని రెండుసార్లు చదివి ఊరుకోవచ్చని అప్పట్లో మా నిబంధన. ఉరుముల కాలంలో సెట్టులో గరగర తప్ప ఏమీ వినబడదు. ఆపరేటరుకు మా మాట అందకపోయినా, అతని మాట మాకు అందుతూనే ఉండేది. అందుకే ఆ నిబంధన. ఎనిమిదింటికి కూడా జవాబు రాకపోయేసరికి అతను గేజి మనిషిని సైకిలు మీద తోలాడు.

కంట్రోలు రూములో అప్పటికే ఇంకొక మాట పుట్టింది. అప్పలసూరి నిద్రపోయాడనీ, లేచాక లాగు రాసుకున్నాడనీ. ఆ మాట పైడమ్మ చెవిన కూడా పడింది. నేను జీపు ఎక్కబోతుంటే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆయన నిద్దరోనాడని ఎవలన్నారు బాబూ? నాను టీ కాసి ఎట్టినాను. సల్లారిపోనాది గానీ తాగనేదు. ఆ డబ్బా ముందు కూకుని అరుస్తనే ఉన్నాడు."

భార్య సాక్ష్యం నివేదికలో రాయడానికి పనికిరాదని నాకు తెలుసు. రాయలేదు.

సెట్టు శ్రీకాకుళం తెచ్చి బల్ల మీద పెట్టాను. వైర్‌లెస్ సెట్టును పరీక్షించడానికి మాకు ఒక పద్ధతి ఉండేది. ఏంటెన్నా బదులు ఇంట్లో వాడే నలభై వాట్ల బల్బు తగిలించి మైకులో మాట్లాడతాం. సెట్టులోంచి శక్తి వస్తుంటే బల్బు వెలుగుతుంది. మాట పెరిగినప్పుడు వెలుగు పెరుగుతుంది. ఆ రోజు బల్బు చక్కగా వెలిగింది. "సెట్టులో లోపం లేదు" అని నివేదిక రాసి పంపాను.

అది అబద్ధం కాదు. కానీ ఏంటెన్నాను నేను కింద నిలబడి చూశానే తప్ప దింపించలేదు. రెండు సరుగుడు రాటల మధ్య వంద అడుగుల రాగి తీగ, దాని నడిమి నుంచి గదిలోకి వచ్చే కేబులు, అన్నీ చూడ్డానికి సవ్యంగానే ఉన్నాయి. వాన పడుతోంది, సాయంత్రంలోగా వెనక్కి చేరాలి. ఆ విషయం కూడా నివేదికలో రాయలేదు. సెట్టు బాగున్నప్పుడు లోపం మనిషిదే అయ్యుంటుందని పైవాళ్లు తేల్చారు. అక్టోబరులో అప్పలసూరిని సస్పెండు చేశారు. తేల్చింది వాళ్లే అయినా, ఆధారం చేసుకున్న వాక్యం నాది.

1968 జనవరిలో విజయనగరం వైపు ఇంకొక స్టేషన్లో సెట్టు బలహీనంగా వినబడుతోందని ఫిర్యాదు వచ్చింది. వెళ్లి సెట్టు మార్చాను. ప్రయోజనం కనబడలేదు. మీటరు మాత్రం రెండు సెట్లకూ సరిగ్గా చూపించింది. ఈసారి వాన లేదు, తొందరా లేదు. ఏంటెన్నా దింపించి, కేబులు పైకొసన రెండడుగులు కోయించాను. కోసిన చోట చుక్కలు చుక్కలుగా నీళ్లు కారాయి. లోపలి రాగి జాలీ పచ్చగా చిలుమెక్కి ఉంది. ఎండకు పై తొడుగు పగిలి, ఆ పగుల్లోంచి వాననీరు దిగి, జాలీ వెంబడే కేబులు పొడవునా పాకింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సెట్టు మీద ఉండే మీటరు శక్తి బయటికి పోతోందా లేదా అనే చూపిస్తుంది. ఎక్కడికి పోతోందో చూపించదు. కేబులు తెగిపోతే సూది పడిపోయి తెలుస్తుంది. నీళ్లు తాగిన కేబులు అలా కాదు. సెట్టు ఇచ్చిందంతా తనలోనే వేడి కింద మింగేస్తుంది. సూది మాత్రం ఉండవలసిన చోటే ఉంటుంది. చదువుకున్న రోజుల్లో నేను ఇది పుస్తకంలో చదివాను. అప్పలసూరి గదిలో నిలబడ్డప్పుడు గుర్తు రాలేదు.

అటునుంచి అటే సరిహద్దు స్టేషనుకు వెళ్లి ఆ కేబులూ దింపించాను. అక్కడక్కడా తొడుగు కోసి చూస్తే, నూట యాభై అడుగుల్లో సగం పైగా పచ్చబడి ఉంది. ఎండలకు నీరు చాలావరకు ఆరిపోయింది. అప్పలసూరి స్థానంలో ఉన్న తాత్కాలిక ఆపరేటరుతో పని ఎలాగో నడుస్తోందంటే అందుకే. వేరే కేబులు వేయించి, దీన్ని చుట్టగా జీపులో వేయించుకున్నాను.

అప్పలసూరి ఆమదాలవలసలో ఒక ధాన్యం వర్తకుడి దగ్గర పని చేస్తున్నాడని తెలిసింది. తిరుగు దారిలో అక్కడ ఆగాను. రైల్వే స్టేషను ఎదుట గోదాములో కాటా దగ్గర నిలబడి బస్తాలు తూయిస్తున్నాడు. నన్ను చూసి చేతులు దులుపుకుని వచ్చాడు. జరిగింది చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అయితే ఆ దినం నా మాట ఏటయిపోనాది బాబూ?"

కేబులు దాటలేదని చెప్పాను.

"తీగ దాకా ఎల్లనే నేదా?"

వెళ్లలేదన్నాను. "నాలుగు నెల్ల బట్టి నాకే అనుమానమొచ్చేసినాది. నిజంగా పంపినానా, పంపినానని కలగన్నానా అని. లాగు బుక్కులో రాత నాదే గదా. అయినా నమ్మకం సాలక పోనాది," అన్నాడు.

మరుసటి ఆదివారం అతన్ని వర్క్‌షాపుకు రమ్మన్నాను. కేబులు చుట్టను నీళ్ల తొట్టిలో రాత్రంతా నానబెట్టి ఉంచాను. ఒక కొస సెట్టుకు, రెండో కొస నలభై వాట్ల బల్బుకు తగిలించి అతని చేతికే మైకు ఇచ్చాను. పిలుపు పేరు చెప్పి, మట్టం చదివాడు. మీటరు సూది సరైన చోట నిలబడింది. బల్బు ఎర్రబడను కూడా లేదు. కేబులు తీసేసి బల్బును నేరుగా సెట్టుకు తగిలించాను. వెలిగింది.

అప్పలసూరి మైకు బల్ల మీద పెట్టాడు. "ఈ బల్బేదో ఆ రాట మీదే ఎట్టుంటే ఆ పొద్దే నాకు తెలిసీది గదా బాబూ," అన్నాడు.

నేను తర్వాత చేసిన పనికంతటికీ మూలం ఆ మాట. కాగితాల్లో నా పేరే ఉంటుంది.

ముందు చేయవలసింది రెండో నివేదిక. రాసుకుని విశాఖపట్నం వెళ్లాను. డివిజనల్ ఇంజినీరు పూర్తిగా చదివారు. కేసు ముగిసిందనీ, తిరిగి తెరిస్తే మొదటి సంజాయిషీ నన్నే అడుగుతారనీ, నా సర్వీసు ఇంకా చాలా ఉందనీ అన్నారు. ఆలోచించుకుని పంపమని కాగితాలు నా చేతికే తిరిగి ఇచ్చారు. ఆయన బెదిరించలేదు. ఉన్నమాటే చెప్పారు. నేను ఆ కాగితాల్ని సొరుగులో పెట్టి తొమ్మిది రోజులు ఊరుకున్నాను.

పదో రోజు మధ్యాహ్నం పైడమ్మ వర్క్‌షాపుకు వచ్చింది. ఆమదాలవలస నుంచి ఒక్కతే వచ్చినట్టుంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"కాయితం పంపినారా బాబూ?"

లేదన్నాను.

"ఆయన అడగడు. అడగొద్దని నాకూ సెప్పినాడు. మీరు సేసిన తప్పు మీరు రాసుకోడానికి ఇన్ని దినాలు పడతన్నాది. ఆయన సెయ్యని తప్పు ఒక్క పూటలో రాసేసినారు."

ఆ మాట అని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం టపాలోనే నివేదిక వెళ్లింది. నాకు మందలింపు మెమో వచ్చింది. అది ఇప్పటికీ నా సర్వీసు రిజిస్టరులో ఉండాలి. అప్పలసూరిని మే నెలలో అదే స్టేషనుకు తిరిగి తీసుకున్నారు.

ఈలోగా నేను బల్బు పని మొదలుపెట్టాను. ఏంటెన్నా తీగలో విద్యుత్తు ప్రవాహం నడిమిభాగంలో ఎక్కువ, కొసల్లో దాదాపు శూన్యం. కాబట్టి బల్బు నడుమనే ఉండాలి. మొదట మా కార్యాలయం ఏంటెన్నా తీగను తెంపి మధ్యలో టార్చిలైటు బల్బు పెట్టాను. మొదటి మాటకే మాడిపోయింది. మాడిన బల్బుతో తీగ కూడా తెగినట్టే అయింది. అంటే సాక్షి పోతే దానితోపాటు సందేశమూ పోతుంది. అది పనికిరాదు. రెండోసారి తీగను తెంపలేదు. దాని మీదే అడుగుకు కాస్త ఎక్కువ దూరంలో రెండు చోట్ల సన్న తీగలు అతికించి, వాటి మధ్య బల్బు కట్టాను. ప్రవాహంలో ఎక్కువ భాగం రాగి తీగలోనే పోతుంది, కొద్ది భాగం బల్బులోంచి మళ్లుతుంది. బల్బు మాడినా ఏంటెన్నాకు నష్టం లేదు. అతికించే దూరం అంగుళం పెరిగితే బల్బు మాడింది, అంగుళం తగ్గితే మసకబారింది. సరైన దూరం దొరికేసరికి రెండు డజన్ల బల్బులు అయ్యాయి.

వాన నుంచి కాపాడడానికి బల్బును ఇంజెక్షన్ సీసాలో పెట్టి, రబ్బరు మూత చుట్టూ మైనం పోశాం. పగటి వెలుగులో కనబడడానికి సీసా చుట్టూ, లోపలివైపు నల్లరంగు వేసిన రేకు గొట్టం బిగించి, దాన్ని గది కిటికీ వైపు తిప్పాం. కిటికీలోంచి చూస్తే ఆ నల్లటి గొట్టంలో చిన్న ఎర్రటి చుక్క. మైకులో మాట్లాడితే మాటకు తగ్గట్టు హెచ్చి తగ్గేది.

ఒక ఆదివారం అప్పలసూరి వచ్చి చూసి బాగుందన్నాడు. తీగ రెండు కొసల వైపూ చూసి, "ఒక పక్క తీగ తెగితే ఏటవుద్ది బాబూ?" అని అడిగాడు. నడుమ నుంచి తీగ రెండు చేతుల్లా చెరో వైపు పోతుంది. నేను ఒక చేతికే బల్బు పెట్టాను. కావాలని రెండో చేయి విప్పేసి చూస్తే బల్బు వెలుగు తగ్గింది గానీ ఆరలేదు. ఆ తేడా దూరం నుంచి కంటికి ఆనదు. రెండో చేతికి కూడా ఒక బల్బు కట్టాం. రెండూ సమానంగా వెలిగితేనే ఏంటెన్నా పూర్తిగా పనిచేస్తున్నట్టు.

హైదరాబాదు నుంచి అభ్యంతరం వచ్చింది. ఏంటెన్నాకు దీపాలు ఆటవస్తువులనీ, శక్తి వృథా అనీ. సెట్టు ఇచ్చే పాతిక వాట్లలో రెండు బల్బులూ కలిపి తినేది ఒకటిన్నర వాట్లకు మించదని లెక్క రాసి పంపాను. ప్రయోగం కింద ఒక్క స్టేషనుకు అనుమతి ఇచ్చారు. అప్పలసూరి స్టేషనునే ఎంచుకున్నాను.

తిరిగి చేరబోయే ముందు అప్పలసూరి నన్నొకటి అడిగాడు. రామ్మూర్తి ఇంటికి తనతో రావాలని. "నాను సెప్తే నమ్మరు. మీరే సెప్పాల," అన్నాడు. కాదనడానికి నాకు కారణం దొరకలేదు.

రామ్మూర్తి అన్న తవిటయ్య వాకిట్లో మంచం వాల్చి మమ్మల్ని కూర్చోబెట్టాడు. నేను కేబులు గురించి, నీళ్ల గురించి, నా మొదటి నివేదిక గురించి, కొత్తగా పెట్టబోయే బల్బుల గురించి చెప్పాను. అప్పలసూరి ఆ ఉదయం రెండుసార్లు కబురు పంపాడని చెప్పాను. తవిటయ్య అడ్డు రాకుండా విన్నాడు.

"పంపినాడంటన్నారు. సరే," అన్నాడు. "మాకైతే రానేదు గదా బాబూ."

తవిటయ్యే మళ్లీ అందుకున్నాడు.

"పంపినోడికి పంపినానని తెలస్తాది. ఇప్పుడేదో దీపం ఎడతన్నామంటన్నారు, అదీ అదే సెప్తాది. సేరిందో నేదో ఎవలు సూస్తారు?"

అప్పలసూరి మీద అతనికి కోపం ఉన్నట్టు కనబడలేదు. లేచేముందు అతని భుజం మీద చెయ్యి వేసి, "ఎల్లిరా మావా," అన్నాడు. తిరుగు దారిలో జీపులో అప్పలసూరి ఒక్కమాటే అన్నాడు. "అతగాడు సెప్పింది నిజిమే బాబూ."

ఆ ప్రశ్నకు బల్బు జవాబు కాదు. బల్బు వెలిగిందంటే శక్తి తీగ దాకా వెళ్లిందని మాత్రమే. అవతల ఎవరైనా విన్నారా అనేది అది చెప్పలేదు. రెండు నెలలు బల్బుల మీద పెట్టిన నేను, జవాబు రాకపోతే రెండుసార్లు చదివి ఊరుకోవచ్చనే నిబంధన మీద ఒక్క రోజూ పెట్టలేదు. ఆ జూన్‌లో దాన్ని మార్చమని రాశాను. ఎర్ర గీత దాటిన సందేశానికి మాటగా జవాబు వినబడితేనే లాగులో "చేరింది" అని రాయాలి. వినబడకపోతే "చేరలేదు" అని రాసి, వెంటనే మనిషిని పంపాలి. "పంపాను" అనే మాట లాగులో ఉండకూడదు. దీనికి హైదరాబాదు నుంచి అభ్యంతరం రాలేదు. ఖర్చేమీ లేదు కాబట్టి కావచ్చు.

ఆగస్టులో వంశధార మళ్లీ పొంగింది. అప్పలసూరి లాగులో ఆనాటి నమోదు ఇలా ఉంది. ఆరు గంటలకు మైకు తీసుకుంటే ఎడమ బల్బు వెలగలేదు. గాలికి ఆ వైపు తీగ, నడుమ కేబులు కలిసే చోట తెగి వేలాడుతోంది. అతనూ, గేజి మనిషీ తాడు వదులు చేసి ఏంటెన్నాను కిందికి దింపారు, తీగ ముడివేసి మళ్లీ ఎత్తారు. ఆరూ ఇరవైకి రెండు బల్బులూ వెలిగాయి. సందేశం చదివాడు. ఉరుముల వల్ల జవాబు వినబడలేదు. "చేరలేదు" అని రాసి, గేజి మనిషిని సైకిలు మీద పంపేశాడు. తర్వాత పావుగంటకొకసారి చదువుతూనే ఉన్నాడు.

నిజానికి ఆరూ ఇరవైకే మా కంట్రోలు రూములో వినబడింది. మా జవాబే అతనికి అందలేదు. ఏడుంబావుకు అందింది. సైకిలు మనిషి ఆ పాటికి సగం దూరం వెళ్లాడు. ఆ శ్రమ వృథా అని అతను సణిగాడట. దిగువ ఊళ్లలో ఎనిమిది గంటలకు దండోరా పడింది. నీళ్లు మధ్యాహ్నానికి వచ్చాయి. మనుషులు గానీ పశువులు గానీ పోలేదు. పంట పోయింది.

మరుసటి ఏడు నాటికి ఏడు స్టేషన్లకూ బల్బులు పెట్టాం. తర్వాత మెరుగైన కేబుళ్లు, వెనక్కి తిరిగే శక్తిని కొలిచే మీటర్లు వచ్చాయి. బల్బులు తీసేశారు. అది సబబే. అప్పలసూరి అక్కడే పదవీ విరమణ చేశాడు.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది తక్కువే, పనికొచ్చేది. ఏ పరికరమైనా తనను తగిలించిన చోటు గురించే చెబుతుంది. దాని అవతలి సంగతి మనం ఊహించుకుంటాం. నేను సెట్టును పరీక్షించి, మనిషి గురించి తీర్పుకు దారి ఇచ్చాను. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను రాసిన ప్రతి తనిఖీ నివేదిక చివర "పరీక్షించనివి" అని ఒక శీర్షిక ఉండేది. దాని కింద చూడని ప్రతి భాగం పేరూ, చూడకపోవడానికి కారణమూ రాసేవాణ్ణి. నమూనా ఫారంలో అలాంటి గడి లేదని ఇద్దరు పై అధికారులు దాన్ని కొట్టేశారు. తర్వాతి నివేదికలో మళ్లీ రాశాను.